నలభై నిమిషాల బ్యాటరీ

నూట ఇరవై పౌండ్లు.
రాత్రి డ్యూటీకి బస్సు మాని నడిచి,
ఫోన్ కవరు వెనక మడిచి పెట్టుకున్నవి.
వుల్వర్‌హాంప్టన్ శనివారపు సంతలో
టార్పాలిన్ మీద జల్లు టపటపలాడుతుంటే
నార్మన్ బల్ల మీద వరసగా పాత ల్యాప్‌టాప్‌లు,
ఐసు మీద చేపల్లా.

వాజిదా దారిపొడుగునా అదే పాట:
"యాపిల్‌ది తీసుకోపా, నెలకింతని కట్టుకోవచ్చులే."
నెలకింత
ఇప్పటికే మూడు చోట్ల కడుతున్నాను.

నాకు తెలిసిన పరీక్షలు నేను చేశాను.
బెండకాయ కొన విరిచి చూసినట్టు
మూత కీలు వంచి చూశాను.
కొబ్బరికాయ చెవి దగ్గర ఆడించినట్టు
ఫ్యాను చప్పుడు విన్నాను.
"తెర మెరుపు చూసి మోసపోకు" అన్నాడు నార్మన్,
"ర్యామ్ చూడు. ఇంకోటి పెట్టే చోటుందో లేదో చూడు."
ముప్పయ్యేళ్లు టెలిఫోన్ స్తంభాలెక్కిన మనిషి,
అడుగు పలక విప్పి టార్చి వేశాడు.
ఎనిమిది జీబీ. పక్కనే ఒక ఖాళీ గూడు.
ఆ ఖాళీని చూసే బేరం ఒప్పుకున్నాను.
ఎనభై ఐదు.

మూత మీద ఏదో ఆసుపత్రి ఆస్తి నంబరు ఇంకా ఉంది.
కీబోర్డు మీద రెండు అక్షరాలు అరిగి నున్నబడ్డాయి,
ఎందరు రోగుల పేర్లు కొట్టి కొట్టో.

ఇంటికొచ్చి మీట నొక్కితే
విండోస్ పావుగంట ఆయాసపడి
ఒక నీలం పలక చూపించింది:
కొత్త వెర్షన్‌కి ఈ యంత్రానికి కనీస అర్హతలు లేవు.
నాకు ఎరికైన వాక్యమే.
కిందటేడు ఆరు ఉత్తరాల్లో వచ్చింది,
చివర శుభాకాంక్షలతో సహా.

లైబ్రరీలో పెన్‌డ్రైవ్ మీదికి లినక్స్ దింపుకున్నాను.
ఏ లినక్స్ అంటే వంద పేర్లు.
బరువు తక్కువుండాలి, ఊరికే మారకూడదు,
ఎక్కువ కాలం మన్నాలి,
డ్యూటీ బూట్లు కొన్నప్పుడు అడిగినవే అడిగాను.

భాష ఎంచుకోమంది.
జాబితా కిందికి దిగుతూ దిగుతూ
తెలుగు.
సగం వాక్యాలు తెలుగులో, సగం ఇంగ్లీషులో,
అచ్చం మేం మాట్లాడుకున్నట్టే.
"డిస్కును విభజించాలా?" అని అడిగింది.
కర్నూలూ కరీంనగరూ
ఒకరి మొహం ఒకరు చూసుకుని
పక్కవాళ్లు గోడ కొట్టేదాకా నవ్వాం.
విభజించొద్దని చెప్పాం. మొత్తం చెరిపెయ్యమన్నాం.
ఎవరో, ఎక్కడో, పైసా తీసుకోకుండా కూర్చుని
"కొనసాగించు" అని రాసిపెట్టారు.
నొక్కాను.

తెల్లారినా వైఫై పలకలేదు.
మెట్ల మీదుగా తీగ లాగాం.

పాఠంలో మొదటి ప్రోగ్రాం లోకానికి దండం పెట్టడం.
పెట్టాను.
రెండోది నాది:
కేర్ హోమ్‌లో అడుగుపెట్టిన గంట, బయటపడ్డ గంట,
క్యాలెండర్ మీద పెన్సిలు గీతల్లో ఉన్న పదకొండు వారాలు
ఒక్కొక్కటే ఎక్కించాను.
ఫ్యాను కూడా తిరగలేదు. అంత చిన్న లెక్క.
జీతం చీటీలో వాళ్లు రాసిన గంటలకీ
నేను నిలబడ్డ గంటలకీ తేడా
పందొమ్మిదిన్నర.

తప్పు నాదేనేమోనని మూడుసార్లు వెతికాను,
ఆ అరిగిన అక్షరాలే తడుముతూ.
మూడుసార్లూ పందొమ్మిదిన్నరే.

సోమవారం దీన్ని చంకన పెట్టుకుని
మేనేజరు గదికి పోతున్నాను.
బ్యాటరీ నలభై నిమిషాలే వస్తుందని
నార్మన్ ముందే చెప్పాడు, దాచలేదు.
నాకు నాలుగు చాలు.