ఇరవై నిమిషాల గాజు గొట్టం

రాత్రి రెండూ పది.
చిత్తూరు పెద్దాసుపత్రి ల్యాబులో
కొత్త గాజు గొట్టంలో
రెండు మిల్లీలీటర్ల చెంగల్రాయుడు.
కదపకూడదు, ఊపకూడదు.
ఇరవై నిమిషాలు ఊరికే చూస్తూ కూచోవాలి.
గడ్డ కడితే మనిషి మనకి,
కట్టకపోతే ఇంకా పాముకి.

మోటారుకి కరెంటు రాత్రిళ్ళే ఇస్తారు.
చెరుకుతోటలో స్టార్టరు దగ్గరికి
సెల్‌ఫోను వెలుతురులో పోయినాడంట.
"తొక్కినాక తెలిసింది, తాడు కాదని"
నవ్వబోయాడు;
చిగుళ్ళ నిండా ఎరుపు.

అతని భార్య దొరసానమ్మ
బెంచీ కింద యూరియా గోతం పెట్టి
మూతి మీద కాలేసి కూచుంది.
గోతం బుస్సుమంటోంది,
కుక్కరు విజిలుకి ముందు వచ్చే చప్పుడు.
సెక్యూరిటీ అతను మెట్లు దిగి పోయాడు.
"ఏ పామో చూపిస్తేనే కదమ్మా మందు తెలిసేది?
అందుకే సంపకుండా పట్టుకొచ్చినా."
అక్కర్లేదక్కా, నాలుగు పాములకీ ఒకటే మందు
అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.
దాన్ని గోతంలోకి ఎట్లా తోసిందో
అడగడానికీ రాలేదు.

నాలుగో నిమిషం.
ట్యూబ్‌లైటు పక్కన బల్లి ఒక దోమను మింగింది.
పోయిన కార్తీకంలో ఈ వార్డు నిండా డెంగీ,
మంచానికి ఇద్దరు.
వెనక కాలవకి సిమెంటు పోసినాక
కప్పలు అరవడం మానేశాయి.
ఆ రెండింటికీ సంబంధం ఉందని
తేల్చే యంత్రం నా ల్యాబులో లేదు.
కంచికి పోయి బంగారు బల్లిని ముట్టొచ్చిన హెడ్ నర్సు
ఈ బల్లిని చీపురుతో కొట్టమంటుంది.

తొమ్మిది.
నా సర్టిఫికెట్టులో కులం: యానాది.
మా తాత తుపాకుల పోలయ్య
ఎలుక బొక్కకి పొగ పెట్టి
అది దాచుకున్న శనక్కాయలు తవ్వుకొచ్చేవాడు.
పాము తోళ్ళు అమ్మేవాడు. చట్టం వచ్చింది, ఆపేశాడు.
తర్వాత సరిహద్దు దాటి, ఇరుళోళ్ళతో కలిసి
బతికున్న పాముల్ని పట్టి ఇచ్చేవాడు.
"గాజు మీద కోరలు ఆనిస్తారు పాపా.
రెండు చుక్కలు. పచ్చంగా, తేనె మాదిరే.
తర్వాత యాడ పట్టినామో ఆడే ఇడిసేస్తారు."
ఆ చుక్కల్ని కొంచెం కొంచెంగా గుర్రానికి ఎక్కిస్తారని,
ఆ గుర్రం నెత్తురు నేర్చుకున్నదే ఈ సీసా అని
తాతకెవరూ చెప్పలేదు.
నేను చదువుకుని చెప్పేనాటికి
ఆయన లేడు.
సీసా అట్ట మీద గుర్రం ఉంది,
కంపెనీ పేరుంది, గడువు తేదీ ఉంది.
పింజర కాటుకి కుళ్ళి
డాక్టరు తీసేసిన తాత నడిమి వేలు
ఎక్కడా లేదు.

పదహారు.
"దాంట్లో ఏం చూస్తా ఉండావు పాపా?"
"పాలు తోడుకున్నాయా లేదా
అని చూస్తాం కదక్కా, అట్లాంటిదే."
ఆమెకి వెంటనే అర్థమైంది.
గోతం మీద కాలు ఇంకొంచెం బిగించింది.

ఇరవై.
వంచాను.
నీళ్ళలా జారింది,
గాజుకి ఒక్క చారిక అంటకుండా.

తర్వాతంతా పరుగు.
పది సీసాలు, సెలైను, డాక్టరు కేకలు,
ఒళ్ళంతా దద్దుర్లు, దానికింకో సూది,
ఒకసారి ఊపిరందక చెంగల్రాయుడు
నా చున్నీ పట్టుకున్నాడు, వదల్లేదు.

పొద్దున తొమ్మిదికి ఇంకో గొట్టం.
మళ్ళీ ఇరవై నిమిషాలు, ఈసారి ఎండలో.
తలకిందులు చేశాను.
పడలేదు.
ఎర్రటి పెరుగు.

ఫారెస్టు వాళ్ళు వస్తామన్నారు, ఇంకా రాలేదు.
ఎండ గోతం మీదికి వస్తుంటే
దొరసానమ్మ దాన్ని మెల్లగా నీడలోకి లాగింది.
"తోటలో ఎలకలు ఒక్క గెడనూ మిగల్చడం లేదు"
అంది, ఎవరితోనో.
నేను మెట్టు మీద కూచుని ముడి తడిమి చూశాను.
తాత వేసే ముడి కాదు.
అయినా గట్టిదే.