ఫిట్

రువీల పొద్దుగాల, ఖాళీ కడుపుతోని లైన్ల నిలబడ్డ.
బతాకా రెన్యూవల్‌కు నెత్తురిచ్చుడు
పదకొండేండ్ల సంది అలవాటే.

ఆ పిల్ల కొత్తది. రెండుసార్లు నరం దొరకలె.
మూడోసారి మోచేతి మడతల సూది దిగంగనే
బొటనవేలు దాకా కరెంటు గుంజింది.
హిల్నా నై, అన్నది.
కదలలె.

మూడొద్దులకు రిపోర్టొచ్చింది: ఫిట్.

దిష్‌దాషా మెడకాడ కుచ్చు కట్టెటోన్ని.
ఇప్పుడు సూది జారి కిందవడ్డా సోయి ఉండది,
చప్పుడు ఇనవడితె గద!
దారం సాజిద్ ఎక్కిస్తుండు.
చాయ్ గిలాస ఎడమచెయ్యి నేర్చుకున్నది.

కమిటీ పిలిచింది.
తర్జుమా ఆయనకు పది రియాళ్లు.
నొప్పి ఎంత, పదిల ఎంత, అని అడిగిండ్రు.
నొప్పి లేదు సార్,
ఏం లేదు,
అదే నా ఫిర్యాదు.

ఒప్పుకున్నవు గదా అని ఓ కాయితం జరిపిండ్రు.
అంత అరబ్బీ.
కింద మాత్రం నేను: బూర లచ్చన్న,
తోక తిప్పిన చివరి అచ్చరంతోని,
ఈ చెయ్యి పెట్టిన ఆఖరి మంచి సంతకం.

ఇవ్వాళ్టి దరకాస్తు మీద గూడ పెట్టమన్నరు.
పెట్టిన.
పెద్దాయన రెండూ పక్కపక్కన వెట్టి
అద్దాలు తీసి, మళ్ల తొడిగి,
ఇది నువ్వేనా, అన్నడు.