రెండు బీకర్లు

కర్నూలు. మార్చి. ప్రాక్టికల్స్ రోజులు.
ల్యాబ్ కిటికీ అవతల హంద్రీ ఎండిపోయి
ఇసుక మీద ఎవరో చీరలు ఆరేశారు.

మద్దిలేటి నా ముందు రెండు బీకర్లు పెట్టాడు.
రెండూ నీళ్ళంత తేట.
మీటరు ముంచితే రెండిట్లోనూ అదే అంకె, 4.76.
ఒకటి చిక్కన, ఒకటి పదింతలు పలచన.
"మొగం జూస్తే తెలీదు సా," అన్నాడు.

దస్తగిరమ్మ డ్రాపరు పట్టింది.
బేతంచెర్ల పిల్ల, నాయన పాలిష్ మిషన్ కాడ పని.
చిన్నప్పుడు నాపరాయి గడప మీద నిమ్మకాయ పిండి
బుసబుసా పొంగుతుంటే చూసేదంట,
రాయి పులుపును తింటాందని.

చుక్క. చుక్క. ఆమ్లం దిగుతోంది.
పది చుక్కలకు ఒకటి 4.72, రెండోది 4.28.
ఇరవైకి చిక్కనిది 4.67 కాడ కూర్చునే ఉంది,
పలచనిది మూడు దరిదాపులకు జారింది.
"ఇంతసేపూ నిమ్మళంగా ఉన్నిందే సార్, ఏమైంది దీనికి?"

బోర్డు మీద రాశాను:
పీహెచ్ అంటే, ఇప్పుడెట్లున్నావు?
బఫర్ కెపాసిటీ అంటే, ఇంకెంత ఓర్చుకోగలవు?
మొదటి ప్రశ్నకు మీటరుంది.
రెండోదానికి చుక్కలేసి చూడడమే,
చూశాక ఆ బీకరు మళ్ళీ పనికిరాదు.

ఇరవై రెండేళ్ళుగా పొద్దున్నే అడిగేవాణ్ణి:
"ఏం మద్దిలేటీ?"
"బాగనే ఉండా సా."
కాంట్రాక్టు జీతం నాలుగు నెలలు రానప్పుడూ బాగనే,
కూతురు పెద్దాస్పత్రిలో ఉన్నప్పుడూ బాగనే,
కొత్త ప్రిన్సిపాల్ పిల్లల ముందర ఒరేయ్ అన్నప్పుడూ.
లోపల ఏ రాయి ఆ పులుపంతా తింటూ వచ్చిందో
ఇంకెంత మిగిలిందో
నేను లెక్కబెట్టలేదు. కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి నేను.

ఆ సాయంత్రం ఎవరో పిల్లలు ఎలక్ట్రోడ్ పగలగొట్టారు.
"నీ జీతంలో పట్టుకుంటారేమోలే," అన్నాను,
నవ్వుతూనే.
పెద్ద మాటేం కాదు. ముందు పడినవాటికంటే చిన్న చుక్కే.

అతను అరవలేదు.
తాళంచెవులు టేబుల్ మీద పెట్టాడు.
తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు,
పొడిగా ఉన్న చేతుల్నే మళ్ళీ ఒకసారి.
బురుజు వైపు నడిచి పోయాడు.

ఇప్పుడు గ్లాసులన్నీ నేనే కడుగుతున్నా.
బోరు నీళ్ళ తెల్ల చారలు ఎంత రుద్దినా వదలవు.
అతని చేతిరాత లేబుళ్ళు నాని ఊడిపోయాయి.
రెండు బీకర్లు బోర్లించాను,
ఏది చిక్కనిదో, ఏది పలచనిదో.

షెడ్డులో అతని సైకిలు
రోజురోజుకూ కాస్త గాలి దిగుతోంది.