పసుపు చీటీల వెనక

ఉగాదికల్లా నవల ముగిస్తానని
జనవరిలో క్యాలెండర్ మీద ఎర్ర స్కెచ్చుతో రాశాను.
ఉగాది నాడు లెక్క చూసుకుంటే
పేరు ఒకటి, అంకితం ఒకటి,
మొదటి పేజీ పదకొండు సార్లు.

ఎర్రగుంట్లలో, ముద్దనూరు రోడ్డు పక్కన
నేను పనిచేసే వేబ్రిడ్జి.
పొద్దున ఆరు నుంచి రెండు దాకా డ్యూటీ.
నాపరాళ్ల లారీ ఎక్కితే ఇనప పలక మూలుగుతుంది.
కిటికీ లోపల ఎర్ర అంకెలు కాసేపు తడబడి
ఒకచోట నిలబడతాయి.
అవి నిలబడే దాకా మీట నొక్కను.
నాకు తెలిసిన ఓపిక అదొక్కటే.

ఒక్కో తూకానికి మూడు చీటీలు.
తెల్లది డ్రైవర్‌కి, గులాబీది ఫ్యాక్టరీకి,
పసుపుది మాకు.
మూడు నెలలు గోనెసంచిలో పడుండి
ఆ తర్వాత బజ్జీల బండికి పోతుంది.
దాని వెనక ఏమీ ఉండదు.
సన్నగా రాస్తే తొమ్మిది వరుసలు పడతాయి.

నవలని ఉగాది మీంచి దింపి
పసుపు చీటీ మీద కూర్చోబెట్టాను.
రోజుకొకటి, రెండు లారీల సందులో.
చేయి ఊపు మీదున్నా రెండోది ముట్టుకోకూడదు,
ఆకలి రేపటికి కొంత మిగలాల.

మొదటి వారం ఏడు చీటీలు.
రెండో వారం పాపకి జరం.
మూడో వారం ఏ అడ్డమూ లేదు,
అయినా రాయలేదు.
ఆ వారం సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"ఖాళీ బండి ముందర తూకం ఎయ్యకపోతే
రాయి బరువెంతో యాడ తెలుచ్చాదిరా?"
డ్రైవర్ దస్తగిరి అరిచింది నా మీద కాదు,
కొత్తగా చేరిన క్లీనర్ పిల్లోడి మీద.
మరుసటి రోజు నుంచి
ఏమీ తోచకపోయినా చీటీ తిప్పి తేదీ వేశాను.
కొన్నిటి మీద తేదీ ఒక్కటే ఉంది.
ఒకదాని మీద: సుంకులమ్మ గడప దాటలేదు.
దాని తర్వాతి దాని మీదా అదే.

సుంకులమ్మ నా కథలో మనిషి,
పాలిషింగ్ మిషన్ కింద బండలకి నీళ్లు కొడుతుంది.
చేతిలో సంచితో తొమ్మిది రోజులు
గడప మీదే నిలబెట్టాను ఆమెని.
రాత్రి గిన్నెలు తోముతుంటే
వెనక నిలబడి తిట్టుకుంటున్నట్టే ఉండేది.
ఇరవై మూడో చీటీలో దాటింది.
ఎట్లా దాటిందో నేను చూడలేదు.
బయట టిప్పర్ హారన్ కొట్టింది,
చీటీ చింపిచ్చి వచ్చేసరికి
ఆమె రోడ్డు మీదుంది.

"దీనికేమన్నా ఇస్తారా?"
అని మా ఆయన ఒకసారి అడిగాడు.
ఇంకోసారి ఏమీ అడక్కుండా
ఒక పొట్లం రబ్బరు బ్యాండ్లు తెచ్చి
బియ్యం డబ్బా మీద పెట్టి పోయాడు.

రోహిణి ఎండల్లో గొడవొచ్చింది.
ఫ్యాక్టరీ ఓబుల్‌రెడ్డి బిల్లులు పట్టుకొచ్చి
రెండొందల కిలోలు తేడా అన్నాడు.
నిన్నటి లోడు. పసుపు కాపీ కావాల.
తీసి చూస్తే వెనక సుంకులమ్మ,
ముద్దనూరు బస్సు కోసం
సెగలు పోసే కంకర మీద చెప్పుల్లేకుండా.
ఇవ్వననడానికి వీల్లేదు.
వెనకవైపు కిందికి పెట్టి ఇచ్చాను.

ఆ నాలుగు రోజులూ తేదీలే వేశాను.
ఆమె నిలబడ్డ చీటీ చేతిలో లేకుండా
ఎక్కడినుంచి ఎత్తుకోవాలో తెలీలేదు.

ఐదో రోజు ఓబుల్‌రెడ్డి వచ్చి
చీటీ బల్ల మీద పెట్టాడు, వెనకవైపు పైకి.
"తూకం సరిపాయలే. మావోళ్లదే తప్పు."
మోటార్ సైకిల్ దాకా పోయాడు.
స్టాండు తీశాడు, మళ్లీ వేశాడు.

"మేయ్, ఆ యమ్మ బస్సెక్కిందా ల్యా?"

"నాకూ తెలీదన్నా.
ఈ రోజు చీటీ ఇంకా రాయలా."