లోపలి అంచు

పదకొండు వేల కిలోమీటర్లకే
మా కారవాన్ ఎడమ ముందు టైరు
లోపలి అంచున, పాత చెప్పు మడమలా
నున్నగా అరిగిపోయింది.
బయటి అంచున మాత్రం
కొత్తనాటి రబ్బరు నూగు ఇంకా రాలలేదు.

బాలానగర్ షోరూంలో
టైరుది తప్పు కాదు, అలైన్‌మెంటు అన్నారు.
అలైన్‌మెంటు కుర్రాడు కాగితం తీసి
అన్నీ పచ్చగీతలే చూపించాడు.
చాసిస్ వాళ్లు బాడీ కట్టినవాణ్ణి అడగమన్నారు.
బాడీ కట్టిన సుదర్శనం
మూడోసారికి ఫోనెత్తి,
"మీరు కట్టించుకున్నది బండి కాదు మేడమ్, ఇల్లు" అన్నాడు.
ఇంటికి టైరు వారంటీ ఎవరిస్తారు?

క్లెయిము ఫారంలో "వాడుక" అని ఒక గడి.
సొంతానికా, కిరాయికా.
అనంతగిరి వానలో బండాపి
ఉప్మా వండుకున్న పొద్దుని
ఏ గడిలో టిక్కు పెట్టను?

మూసాపేట మెట్రో పిల్లరు పక్కన
జహంగీర్ భాయ్ కాగితాలు అడగలేదు.
గోనెపట్టా పరిచి బండి కిందికి దూరాడు,
అరచేత్తో టైరంతా తడిమాడు.
"నీళ్ల ట్యాంకు ఎటు దిక్కున్నదమ్మా?"
ఎడమకి.
"పొయ్యి?"
ఎడమకే.
"మీరు పండేది?"

కుడివైపు పరుపు వేణుమాధవ్‌ది.
వికారాబాద్ మలుపుల్లో రెండుసార్లు వాంతయ్యాక
ఆయన మోజు తీరిపోయింది.
ఇప్పుడు ఆదివారాలు సోఫాలో, క్రికెట్‌తో.

"అటు దిక్కు గూడ కొంచెం వజన్ పెట్టుండ్రి"
అన్నాడు భాయ్, చేతులు తుడుచుకుంటూ.
టైర్లు అటువి ఇటు మార్చి నాలుగొందలు తీసుకున్నాడు.

రసీదులు, జవాబు రాని ఉత్తరాల నకళ్లు,
వారంటీ కార్డు కుక్కిన ఫైలుని
తెచ్చి కుడివైపు పరుపు మీద పడేశాను.
తక్కువేం లేదు బరువు.