పన్నెండో పేరు

కాముని పున్నమి తెల్లారి మొదటి ఆట.
ఇంకా పదకొండు రోజులుంది.
ఘుగ్గుస్ మూడో నంబర్ గని, ల్యాంప్ రూంల
చాయ్‌పత్త డబ్బా అట్ట చింపి
లోపలి బోడి దిక్కు పేర్లు రాస్తున్న.

ఎవ్వలు రాయమనలే. ఏటా రాస్త.
నిరుడు పదకొండు తగిలినయ్, ఒకటి తప్పింది.
పందెం ఓడిన షబ్బీర్
ఇంకా నాకు నాలుగు చాయ్‌లు బాకీ.

గేడాం మాస్తర్ నోట్ల నువ్వుగింజ
నాని మొలకొస్తది గని లిస్టు రాదు.
వర్ధా ఇసుక పోసిన బరిల
ఇరువై ఇద్దరు ఉరుకుతుంటరు, పడుతుంటరు,
ఆయన విజిల్ పండ్ల నడుమ పెట్టుకొని
చిమ్నీ పొగ ఎటు పోతుందో చూస్తడు.

బరిని చూసి రాసేటోళ్ళు శానమంది.
నేను దీపాలను జూసి రాస్త.
పొద్దుమీకి ప్రాక్టీసుకని
రాత్రి షిఫ్టు అడిగి తీసుకున్నదెవ్వలు,
దీపం అప్పజెప్పేటప్పుడు ఎవని వేలు వాచింది,
ఎవడు బిళ్ళ మరిచి మళ్ళ ఉరికొచ్చిండు.
కిటికీ ఇంతే ఉంటది, జానెడు.
చేతులే కనబడ్తయ్. చేతులు చాలు.

ముందుగాల తండ్లాట లేని పేర్లు.
నీలకంఠ్ ఢోబ్లే, ఎడమ మూల: ఉడుం పట్టు.
వాడు మడిమె పడితే అవతలోడు
అమ్మను యాదిజేసుకోవాలె.
జాడి లసుమయ్య: కూత తెగదు,
ఏకు నుంచి నూలు దీసినట్టు తీస్తనే ఉంటడు.
కోవ అన్నదమ్ములు: ఒకని పేరు రాస్తే
రెండోది దానంతటదే పడ్తది.

మా తాత దీన్ని చెడుగుడు అన్నడు,
ఇక్కడి ముసలోళ్ళు హుతుతు అంటరు.
ఏ పేరైతేంది, గీత దాటి పోవుడు,
ఊపిరి ఉండంగనే మర్లి వచ్చుడు.
గనిల దిగేటోళ్ళకు ఇది ఎవ్వలు నేర్పాలె.

పదకొండు దాక పెన్సిల్ ఆగలే.
పన్నెండు కాడ మొన ఇరిగింది.

ఒక దిక్కు కంపెల్లి ఓదెలు.
రెండువందల పన్నెండో నంబర్ దీపం.
తొమ్మిదేండ్ల సంది ఆయన పేరు లేని లిస్టు లేదు.
నెల నుంచి బ్యాటరీ బెల్టు
ఎడమ నడుం మీంచి కుడికి మార్చిండు.
ఎందుకని అడగలే. ఆయన చెప్పలే.

ఇంకో దిక్కు ఆత్రం జంగు.
జివతి గుట్టల నుంచి వచ్చిన ఠేకా కూలి,
పందొమ్మిదేండ్లుంటయేమో.
వానికి సొంత నంబర్ లేదు, రోజుకో దీపం,
ఎవడు నాగా ఉంటే వానిది.
బరిలకు దిగితే మాత్రం
పొదల నుంచి కంజు లేచినట్టే:
కండ్లు చూసేసరికి చెయ్యి ఖాళీ.
ఠేకా మనిషిని ఆడనిస్తరని ఒకడు,
ఆడనియ్యరని ఒకడు.
రెండూ విన్న.

నిన్న షిఫ్టు దిగి ఓదెలు కిటికీ కాడ నిలవడ్డడు.
అట్ట దాచేంత టైం లేకుండె.
సదివిండు. పన్నెండు కాడ బోడి జాగ చూసిండు.
ఏమనలే. దీపం ఇటు నూకిండు.
"రేపు దవాఖానకు పోతున్న, మోకాలు చూపెట్ట.
నా దీపం ఆ పోరనికియ్యి.
దాని వెలుగు కదలది."

అంచనా అంటే అయ్యేది రాయాలె,
కావాలన్నది కాదు.
ఇన్నేండ్ల సంది షబ్బీర్‌కు నేనే చెప్పిన మాట.

పొద్దున జంగుకు రెండువందల పన్నెండు ఇచ్చిన.
వాడు తలకు పెట్టుకొని, ఒత్తి, ఆర్పి,
మళ్ళ ఒత్తిండు.
వాడు పోయినంక పెన్సిల్ చెక్కి
పన్నెండో జాగల ఓదెలు అని రాసిన,
గట్టిగ, అట్ట వెనుకకు అచ్చుపడేటట్టు.

షబ్బీర్ బాకీల ఒక చాయ్ తీసేస్తే
ఇంక మూడు.