ఐదో వంతు

మాంటెవిడియోలో మూడో అంతస్తు.
ఊలు బేళ్ళకు బీమా రాసే ఆఫీసు.
గురువారం అందరూ రావాలన్నారు,
అందరూ అంటే నలుగురం.
నిబియా ఉండేది టకువారెంబోలో.
బస్సులో అయితే ఐదు గంటల పైచిలుకు,
గోడమీది తెరలో అయితే
అరచేతి వెడల్పు.

"మీరంతా ఒక జట్టు కావాలి" అని
పైనుంచి ఉత్తరం దిగింది.
కట్టలు కట్టడానికి మనమేమన్నా ఊలా
అని ఎవెర్ గొణిగాడు.

మొదటివారం ఆట: రెండు నిజాలు, ఒక అబద్ధం.
యమందూ తనకి గుర్రాలంటే భయమన్నాడు.
అదే అబద్ధమని అందరం అరిచాం.
నిజమట.
వాళ్ళ తాత గుర్రాల డాక్టరు,
కథ అక్కడే మొదలైందట.
నిబియా కూడా తన మూడూ చెప్పింది,
మైకు మూసి ఉంది.
కదిలే పెదాలు చూసి
ఏది అబద్ధమో ఓట్లు వేశాం.

రెండోవారం సేమ్యా పుల్లలతో, మిఠాయి ముద్దలతో గోపురం.
మాది కూలింది. ముద్దలు తినేశాం.
ఆమె పొట్లం పోస్టులో మూడు రోజులు ఆలస్యం.
ఆదివారం ఒక్కతే కూర్చుని కట్టి
ఫోటో పంపింది.
నేను మంగళవారం చూశాను,
చూసి, ఇంకో ఈమెయిల్ తెరిచాను.
బంతిలో వలపక్షమంటే ఇదేనని
అప్పటికి నాకు తోచలేదు.

మూడోవారం కృతజ్ఞత ఆట.
ఒక్కొక్కరూ మిగతా నలుగురికీ
థాంక్స్ చెప్పాలి, కారణంతో సహా.
చెప్పించాల్సిన శిక్షకుడు బ్యూనస్ ఏరీస్‌లో,
ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే
తన గడిలో రాయైపోయాడు.
నెట్ పోయింది ఆయనకి.
ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు లేక
కాసేపు బల్లకేసి చూశాం.

మీర్తా సంచీ విప్పింది.
మాతె పొయ్యడానికి ఆవిడ ఎవరినీ అడగదు.
ఎండిన సొరబుర్ర, మూడొంతులు ఆకు,
మరగకుండా దించిన నీళ్ళు,
ఒకటే ఒక్క వెండి గొట్టం.
మొదటి చేదు పోసేవాళ్ళదే,
ఆ తర్వాత వరస.
ఇక్కడ ఎంగిలికి ఎవరూ మొహం చిట్లించరు,
ఎంగిలి కానిదే పరాయితనం.

మీర్తా. యమందూ. నేను. ఎవెర్.
బుర్ర మళ్ళీ మీర్తా చేతికి వచ్చింది.
ఇప్పుడు తను తాగాలి.
నింపింది, లేచింది,
తీసుకెళ్ళి తెర ముందు పెట్టింది.
"ఐదో వంతు నీది."

నిబియా లేచి వెళ్ళిపోయింది.
ఖాళీ కుర్చీ, ఒక పసుపు కర్టెను,
ఇన్నాళ్ళూ మాకు తెలియని ఒక పిల్లి.
ఎక్కడో లోపల కెటిల్ మూలుగు.
ఆరు నిమిషాలు.
ఏ మీటింగులోనూ మేం అంతసేపు
అందరం కలిసి ఒకే పని చెయ్యలేదు:
ఒక మనిషి కోసం చూడటం.

వచ్చి, కూర్చుని,
తన బుర్రలోది తల వంచుకుని తాగింది.
చివర్న గొట్టం అడుక్కి తగిలి
గుర్రుమంది.
"వినబడుతోందా?" తప్ప
నెలల తరబడి ఏమీ మొయ్యని ఆ స్పీకరులోంచి
ఆ గురగుర
పక్క కుర్చీలోంచి వచ్చినట్టే వచ్చింది.

తెర ముందరిది చల్లారింది.
పారబొయ్యబోతే యమందూ చెయ్యి అడ్డం పెట్టి
"నిబియా ఎంగిలి, నాకివ్వు" అని
ఆ చల్లటి చేదు గటగటా లాగి
గుర్రాన్ని చూసినవాడిలా మొహం పెట్టాడు.
ఆమె పకపకా నవ్వింది.
మైకు తెరిచే ఉంది.

అప్పుడడిగాను, నీ గోపురం ఉందా ఇంకా?
"బీరువా మీద" అంది.
లాప్‌టాప్ ఎత్తి పట్టుకుంది.
కొంచెం ఒరిగింది గాని, ఉంది.

శిక్షకుడు కదిలాడు, చెయ్యి దించాడు.
"చెప్పుకున్నారా అందరూ థాంక్స్?"
ఆయనకి మీర్తా ఏమీ వివరించలేదు.
నదికి అవతలి ఒడ్డున వాళ్ళూ తాగుతారు, తెలిసే ఉండాలి:
ఈ వరసలో ఆ మాటకి ఒకటే అర్థం,
నాకు చాలు, ఇక నన్ను దాటెయ్యండి.

ఫారంలో ఆఖరి గడి:
ఎంతమంది చెప్పారు?
సున్నా అని రాశాను.
ఎవెర్ ఇంకో ఫ్లాస్కు నీళ్ళకి వెళ్ళాడు.